గొంతు నరం చుట్టుదారి

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

అల్లుడూ,

డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని కాదన్న నాయకుడి మీద నువ్వు కట్టి పంపిన పాట మూడుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నీ గొంతు వెనక గుయ్యిమంటున్నదేమిటా అని చెవులు రిక్కించాను. మూడోసారి తెలిసింది, అది మీ అపార్టుమెంటు నీళ్ళ మోటారు. సరిగ్గా పల్లవి దగ్గర ఎత్తుకుంది. సిగ్గుపడకు. నేను ట్యాబ్ కొన్న కొత్తలో ఓ కీర్తన రికార్డు చేస్తే చరణం పొడుగునా ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తాళం వేసింది. అదీ తప్పుడు తాళం.

తెల్లవారుజామున నాలుగున్నరకి లే. మోటారు, పాలవాడు, కాకులు, అన్నీ ఆ తర్వాతే. ఫ్యాను ఆపు. మన ఊరి ఉక్కలో అదెంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఒక్కో చరణం విడిగా పాడి మధ్యలో ఫ్యాను కింద కూచో. మీ అమ్మ బీరువా తలుపులు బార్లా తీసి, చీరల ముందు ట్యాబ్ పెట్టు, నీ వెనక ఒక దుప్పటి వేలాడదియ్యి. ఖాళీ గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం తగ్గుతుంది. ట్యాబ్ నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడల్లా గాలి పోయి మైకుని కొడుతుంది. ఫ్లైట్ మోడ్ పెట్టు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పక్కన పడెయ్యి. అందులో శబ్దం ఆలస్యంగా వస్తుంది, దాన్ని విని నువ్వు ఇంకా ఆలస్యంగా పాడతావు. వైరున్నదే కావాలి. తెర మీద శబ్దం మీటరు ఎరుపుని తాకకూడదు. తాకి పగిలిన గొంతుని తర్వాత ఎవరూ అతికించలేరు.

గ్యారేజ్‌బ్యాండ్ రికార్డింగ్ యాప్ 32 ట్రాకులు, అంటే విడివిడిగా పాడి కలుపుకునే పొరలు, ఇస్తోంది కదా అని పందొమ్మిది వాడేశావు. ఏటిరా అది, పెళ్ళి బ్యాండా? మూడు చాలు. ఎందుకో చెప్తాను, ముందు నీ సాహిత్యం సంగతి.

"నీ తాతే కోతి" అని ఆ నాయకుణ్ణి తిట్టావు. చప్పట్లు పడతాయి, కాదనను. కానీ అది డార్విన్ చెప్పిన మాట కాదు. ఆయన్ని కాదనేవాళ్ళు ఆయన నోట్లో పెట్టిన మాట. నువ్వు తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చావు. చింపాంజీ మనకి తాత కాదురా, దాయాది. ఓ అరవై, డెబ్భై లక్షల ఏళ్ళ కిందట కాపురాలు వేరుపడ్డాయి, అంతే. 2018 జనవరిలో కేంద్ర మంత్రి సత్యపాల్ సింగ్ ఏమన్నాడు? కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదు, డార్విన్ సిద్ధాంతం తప్పు, పాఠాలు మార్చాలి అన్నాడు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి అది సరికాదని ప్రకటన ఇచ్చాయి. 2023లో పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోంచి పరిణామం పాఠమే లేచిపోయింది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని, నాకు ఆ రెండోదే ఎక్కువ మండింది. మాటకి మాట చెప్పొచ్చు. తీసేసిన పాఠానికి ఏం చెప్తాం?

"ఎవరు చూశారు" అన్నదానికి మాత్రం నీ పాట జవాబు చెప్పాలి. మా ముత్తాత అన్నదమ్ములు పంపకాలు చేసుకోవడం నేను చూళ్ళేదు. దస్తావేజులున్నాయి. అలాంటి దస్తావేజు ఒకటి నీ గొంతులోనే ఉంది. స్వరతంతుల్ని కదిపే నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకి రాదు. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె దగ్గర బృహద్ధమని కిందుగా చుట్టి, మళ్ళీ పైకెక్కి స్వరపేటికని చేరుతుంది. ద్వారకానగర్ వెళ్ళాల్సినవాడు గాజువాక చుట్టొచ్చినట్టు. చేపలో ఆ నరం మొప్పకి దగ్గరి దారే. తరాలు గడిచి మెడ సాగింది, గుండె కిందికి జారింది, రక్తనాళానికి అవతల చిక్కుకున్న నరం దాంతోపాటే సాగింది. జిరాఫీలో ఇదే నరం కొన్ని మీటర్లు పోయి వెనక్కొస్తుంది. నువ్వు "స" అన్నా "ప" అన్నా కబురు గుండె దగ్గరికి వెళ్ళొచ్చాకే. పాటగాడికి ఇంతకంటే మంచి చరణం ఎవరిస్తారు?

ఇప్పుడు మూడు ట్రాకులు. బుర్రకథలో ఎంతమంది? మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు, ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ట్యాబ్ నీకు ఆ ముగ్గుర్నీ ఒక్కడిలోనే ఇస్తోంది. కథకుణ్ణి మధ్యలో ఉంచు, హాస్యాన్ని ఎడమ చెవిలోకి, రాజకీయాన్ని కుడి చెవిలోకి జరుపు. మంత్రి మాటని రాజకీయం ఉన్నదున్నట్టు చెప్పాలి, ఒక్క ముక్క కలపకూడదు. వెక్కిరింత హాస్యానిది. నరం కథ కథకుడిది. ఆటోట్యూన్ జోలికి పోకు. అది ప్రతి స్వరాన్నీ లాక్కొచ్చి మెట్టు మీద కూచోబెడుతుంది, గమకం చచ్చిపోతుంది. శృతి కూడా ఒక మెట్టు దించు, పై షడ్జం దగ్గర నీకు మెడ నరాలు ఉబ్బుతున్నాయి. వినిపించింది.

ఇంకో మాట. నాయకుల్నే అనేసి ఊరుకోకు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులన్నది మన ఆంధ్ర విశ్వకళాపరిషత్ అప్పటి ఉపకులపతే. దశావతారాల్ని వెక్కిరిస్తూ నువ్వు రాసిన రెండు లైన్లు మాత్రం కొట్టెయ్యి. జె.బి.ఎస్. హాల్డేన్ అంతటి పరిణామ శాస్త్రవేత్త మత్స్యం, కూర్మం, వరాహం వరసలో పోలిక చూసి ముచ్చటపడ్డాడు. ముచ్చటపడి మళ్ళీ తన లెక్కల్లోకి వెళ్ళిపోయాడు. బ్రిటన్ వదిలి మన దేశానికొచ్చి, 1964లో భువనేశ్వర్‌లో పోతే, ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. పురాణం వింటూ పెరిగిన మీ నాయనమ్మ కూడా ఈ పాట చివరిదాకా వినాలి కదా.

డోలు శబ్దం ట్యాబ్‌లోది వాడొద్దు, అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఆదివారం నాలుగుకల్లా రా, నేను లేచే ఉంటాను. బుర్రకథలో వాయించే గుమ్మెట ఎలాగూ లేదు, మట్టికుండ ఒకటి పట్టుకురా. మా ఇంట్లో అన్నీ స్టీలువే.

మీ అత్త