మీకు ఇష్టమైన చేతి పనిముట్లు, పవర్ టూల్స్ ఏవి? ఏ కంపెనీవి నమ్ముతారు?

కొత్తగా పనిముట్లు కొనుక్కోబోతున్నానని, అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవడం మంచిదా అని కూడా అడిగారు. బ్యాటరీతో నడిచేవి ఒకే కంపెనీవి తీసుకోండి. మిగతావాటికి ఆ పట్టింపు అక్కర్లేదు. నా టూల్ బాక్సు తెరిస్తే అన్ని కంపెనీల రంగులూ కనిపిస్తాయి. ఒక్కోటీ ఒక్కో పనిలో నమ్మకం సంపాదించుకుని నా దగ్గర ఉండిపోయింది.

నాకు ఈ ఇష్టం మొదలైంది స్క్రూడ్రైవర్‌తో. పాత జపాన్ బైకు ఒకటి బాగుచేస్తూ కార్బురేటర్ అడుగున ఉండే గిన్నె విప్పబోయాను. నాలుగు ప్లస్ స్క్రూలు. నా చేతిలో ఉన్నది మంచి స్క్రూడ్రైవరే, కొన అరిగిపోలేదు, సైజు కూడా సరిపోయినట్టే ఉంది. బలం పెట్టి తిప్పగానే కొన గాడిలోంచి పైకి తన్నుకొచ్చి జారింది. ఇంకోసారి తిప్పాను, మళ్ళీ జారింది. మూడోసారికి ఆ ప్లస్ గాడి కాస్తా గుండ్రటి గుంటయిపోయింది. చివరికి స్క్రూ తల డ్రిల్ చేసి, మిగిలిన కాడను ప్లయర్‌తో పట్టి తీయాల్సి వచ్చింది. ఐదు నిమిషాల పనికి ఒక సాయంత్రం పట్టింది.

ప్లస్ గాడి ఉన్న స్క్రూలన్నీ ఒకటి కావని అప్పటిదాకా నాకు తెలియదు. మనం మామూలుగా వాడేది ఫిలిప్స్ రకం. 1936లో హెన్రీ ఫిలిప్స్‌కి పేటెంట్లు వచ్చిన డిజైన్ అది. జపాన్ యంత్రాల్లో వచ్చేది జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణాలు) రకం. చూపుకి కవల పిల్లల్లా ఉంటాయి కానీ లోపలి వంపు వేరు. ఫిలిప్స్ కొన జేఐఎస్ గాడిలో పూర్తిగా అడుగుదాకా దిగదు, అందుకే జారుతుంది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇవి కాక పోజిడ్రైవ్ అని మరో రకం ఉంది. ప్లస్ గీతల మధ్యలో ఇంకో నాలుగు సన్నని గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్. ఈ మూడు కొనలూ దగ్గరుంటే మీకు ఎదురయ్యే ప్లస్ స్క్రూల్లో దాదాపు అన్నీ చెడకుండా ఊడొస్తాయి.

మిగతా మూడు స్క్రూల కోసం వెసెల్ కంపెనీ స్క్రూడ్రైవర్ తెచ్చాను. 1916లో ఒసాకాలో మొదలైన కంపెనీ అది. కొన గాడిలో పెట్టగానే చేతికి తెలిసిపోయింది, అటూ ఇటూ కదిపితే పిసరంత లూజు కూడా లేదు. మణికట్టు తిప్పాను, టక్కుమని వదిలింది. ఆ చిన్న టక్కు నాకు ఇప్పటికీ గుర్తే. పనిముట్టులో అసలు పని చేసేది వస్తువుకి తగిలే ఆ చివరి అర అంగుళమేనని ఆ రోజు అర్థమైంది. డ్రిల్ అయినా, చెక్కని నునుపు చేసే చిత్రిక అయినా నేను ముందు చూసేది ఆ కొసనే. మోటారు ఎన్ని వాట్లు, డబ్బా ఏ రంగు అన్నవి ఆ తర్వాత.

ప్లయర్ల విషయానికొస్తే, తీగ మెలిపెట్టడం, కత్తిరించడం లాంటి రోజువారీ పనికి టపారియా కంపెనీ కాంబినేషన్ ప్లయరే నా చేతికి ముందు తగులుతుంది. పైపుల పనికి మాత్రం నిపెక్స్ కంపెనీ కోబ్రా, దవడల ఎడం మార్చుకోగలిగే ప్లయర్. జర్మనీలోని వుప్పర్‌టాల్‌లో 1882 నుంచి ఉన్న కంపెనీ. 250 మిల్లీమీటర్ల కోబ్రాకి మధ్యలో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి పై దవడను పైపుకి ఆనించి వదిలేస్తే ఆ సైజులో లాక్ అయిపోతుంది. పళ్ళు పైపుని ఎలా కరుస్తాయంటే, పిడిని కిందికి తోసేకొద్దీ పట్టు దానంతటదే బిగుస్తుంది, వేళ్ళతో నొక్కి పట్టుకోనక్కర్లేదు. సింకు కింద ఒంటిచేత్తో, తల వంచుకుని పని చేసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. మెరుగు పెట్టిన నట్ల మీద గాట్లు పడకూడదనుకుంటే వాళ్ళదే ప్లయర్ రెంచి ఉంది. దాని దవడలు నున్నగా ఉంటాయి, ఒకదానికొకటి సమాంతరంగా కదులుతాయి.

కరెంటు పని చేసేవారికి ఒక మాట. ప్లయర్ పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన షాకు కొట్టదని కాదు, చాలావాటికి అది చేతికి మెత్తగా ఉండడానికే. పిడి మీద రెండు త్రికోణాల గుర్తు, పక్కన 1000 వోల్టులు అని ఉంటేనే దాన్ని ఇన్సులేటెడ్ అనాలి. అలాంటివాటిని 10,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. అది చేతిలో ఉన్నా మెయిన్ స్విచ్ ఆపేసి, టెస్టర్‌తో చూసుకునే పని మొదలుపెట్టండి.

సుత్తి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఎస్ట్‌వింగ్ కంపెనీది చూడండి. తల, కాడ ఒకే ఉక్కు ముక్కతో చేస్తారు కాబట్టి తల ఊడి ఎగిరిపోయే ప్రశ్నే లేదు.

ఇక నాకు ప్రాణమైనది చిత్రిక. నా దగ్గర ఉన్నది స్టాన్లీ బెయిలీ 5 నంబరు. చిత్రికలో చెక్కని కోసే ఉక్కు పలకని ఆకు అంటారు. లెనార్డ్ బెయిలీ కనిపెట్టిన ఆకు సర్దుబాటు పద్ధతిని 1869లో స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. వెనకున్న ఇత్తడి చక్రం తిప్పితే ఆకు పైకీ కిందికీ కదులుతుంది. పక్కకి ఒరిగితే సరిచేయడానికి పైన చిన్న మీట ఉంటుంది. ఇవాళ చాలా కంపెనీలు చేసే ఇనుప చిత్రికల్లో మీకు కనిపించేది దాదాపు అదే ఏర్పాటు. ఒకసారి అర్థం చేసుకుంటే ఎవరు చేసిన చిత్రికనైనా సర్దుకోగలరు.

కొత్త చిత్రిక డబ్బాలోంచి తీయగానే చెక్క మీద తోసి, పొట్టు సరిగ్గా రావట్లేదని పక్కన పడేసేవాళ్ళు చాలామంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఫ్యాక్టరీలో ఆకుని గ్రైండ్ చేసి పంపుతారు, సాన పట్టుకోవలసింది మనమే. ఆకు వీపుని ముందు అంచు దగ్గర అద్దంలా చదును చేయాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు కానీ ఓపిక కావాలి. తర్వాత ఏటవాలు వైపు 25 డిగ్రీలు, అంచు దగ్గర కొద్దిగా ఎత్తి 30 డిగ్రీలు. 1000 నంబరు సానరాయి మీద రుద్దుతూ ఉంటే వీపు వైపు సన్నటి గరుకు లేస్తుంది. కంటికి కనిపించదు, బొటనవేలితో అంచు నుంచి బయటికి నిమిరితే తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలేదాకా ఆపొద్దు. తర్వాత ఇంకా సన్నటి 6000 రాయి మీద రెండు వైపులా మార్చి మార్చి రుద్దితే ఆ గరుకు రాలిపోయి పదును మిగులుతుంది.

అలా సాన పట్టిన రోజు టేకు చెక్క మీద మొదటిసారి తోశాను. అప్పటిదాకా కరకర మంటూ ముక్కలు ముక్కలుగా రాలిన పొట్టు, స్‌స్ మని ఒకే చప్పుడుతో ఉల్లిపొరలా చుట్టుకుంటూ పైకి లేచింది. చేత్తో తీసి దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనిపించింది. చెక్క మీద చెయ్యి వేస్తే గరుకుకాగితం రుద్దినదానికన్నా నునుపు. నేను ఇప్పటికీ అలసిపోయిన రోజు ఓ చెక్క ముక్క బైసులో బిగించి ఊరికే నాలుగు పొరలు తీస్తాను.

పవర్ టూల్స్‌లో మీరు మొదట కొనేది డ్రిల్లే అయ్యుంటుంది. గోడ కాంక్రీటు అయితే ఆగి ఆలోచించండి. నేను చాలాకాలం ఇంపాక్ట్ డ్రిల్‌తో కాంక్రీటు మీద కుస్తీ పట్టాను. 6 మిల్లీమీటర్ల రంధ్రం కోసం ఒళ్ళంతా ఆనించి తోస్తే, బిట్ (డ్రిల్‌కి బిగించే, రంధ్రం వేసే కడ్డీ) కొన ఎర్రబడేది, రంధ్రం మాత్రం వేలి గోరంత లోతు. ఇంపాక్ట్ డ్రిల్ లోపల రెండు పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరి పడుతుంటాయి, దెబ్బకి బలం మీ భుజం నుంచే రావాలి. రోటరీ హ్యామర్‌లో అలా కాదు. లోపల పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక సుత్తిని తోస్తుంది, అది బిట్ వెనక కొడుతుంది. మీరు మెషీన్‌ని నిటారుగా పట్టుకుంటే చాలు. నాది బాష్ జీబీహెచ్ 2-26. పేరులోని 26 కాంక్రీటులో అది వేయగల రంధ్రం సైజు, మిల్లీమీటర్లలో. అదే గోడలో, అదే 6 మిల్లీమీటర్ల రంధ్రం నేను ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోయింది.

ఆ బిట్లు పట్టుకునే ఎస్‌డీఎస్ పద్ధతి 1975లో బాష్ తెచ్చినదే. కాడ మందం 10 మిల్లీమీటర్లు, దాని మీద గాళ్ళు ఉంటాయి. బిట్ పెట్టాక ముందుకీ వెనక్కీ కాస్త కదులుతుంటే లూజుగా ఉందని కంగారు పడకండి, అలా కదిలితేనే దెబ్బ కొనదాకా చేరుతుంది. కాడకి కొంచెం గ్రీజు రాసి పెట్టండి. బాష్‌లో నీలం రంగువి వృత్తిపనివారి కోసం, ఆకుపచ్చవి ఇంటి వాడకం కోసం అన్నది కూడా గుర్తుంచుకోండి.

బ్యాటరీ టూల్స్‌కి నేను మకీటా వైపు మొగ్గాను. 1915లో మోటార్లు అమ్ముతూ, బాగుచేస్తూ మొదలై, 1958లో జపాన్‌లో విద్యుత్ చిత్రిక తెచ్చిన సంస్థ. నా 18 వోల్టుల డ్రిల్, స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్, చిన్న గుండ్రం రంపం మూడూ రెండు బ్యాటరీలతోనే నడుస్తున్నాయి. ఒకే కంపెనీ తీసుకోమన్నది ఇందుకే. డివాల్ట్, మిల్వాకీ కూడా మంచివే, స్నేహితుల దగ్గర వాడి చూశాను. ఏది తీసుకున్నా, ముందు ముందు మీకు కావలసిన టూల్స్ ఆ బ్యాటరీకి దొరుకుతాయో లేదో చూసుకోండి. 18 వోల్టులు, 20 వోల్టులు అన్న తేడా చూసి 20 బలమైనదనుకోవద్దు. రెంటిలోనూ వరసగా ఐదు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌ని 3.6 వోల్టుల లెక్కన చూస్తే 18, అప్పుడే చార్జింగ్ అయినప్పుడు కొలిస్తే 20. వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జర్‌లో పెట్టొద్దు, ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు.

వేగంగా తిరిగే డిస్కుతో ఇనుము కోసే, అరగదీసే యాంగిల్ గ్రైండర్ దగ్గర మాత్రం ఇష్టం కన్నా భయం ముందుండాలి. 1954లో దీన్ని తెచ్చిన కంపెనీ ఫ్లెక్స్. జర్మన్ భాషలో గ్రైండర్‌తో కోయడానికి ఆ పేరునే క్రియగా వాడతారు. నేను ఒకసారి ఇరుకు మూలలో ఇనుప చట్రం కోయడానికి, డిస్కుకి అడ్డంగా ఉండే గార్డు తీసేశాను. ఏ గుర్తులూ లేని ఓ పాత డిస్కు బిగించాను. కోస్తున్నప్పుడు చెయ్యి కొద్దిగా పక్కకి ఒరిగింది, డిస్కు టప్పుమని పగిలి ఓ ముక్క నా ముఖానికి ఉన్న షీల్డుకి తగిలి పడింది. షీల్డు మీద లోతైన గాటు పడింది. అది పెట్టుకోకపోయుంటే ఆ గాటు కంటి కింద పడేది.

డిస్కు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం, మెషీన్ మీద రాసినదాని కన్నా తక్కువ ఉండకూడదు. 125 మిల్లీమీటర్ల డిస్కుకి అది సాధారణంగా నిమిషానికి 12,250 చుట్లు. ఆ వేగంలో అంచు సెకనుకి 80 మీటర్లు పరిగెడుతుంది, అంటే గంటకి 288 కిలోమీటర్లు. మధ్యలో ఉండే ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి. కోత డిస్కుతో పక్కవాటుగా అరగదీయొద్దు, పెద్ద డిస్కు పట్టించడం కోసం గార్డు తీయొద్దు. నా గ్రైండర్ ఇప్పుడు మీట నొక్కి పట్టుకుంటేనే తిరిగే రకం, వదిలేస్తే ఆగిపోతుంది.

కొలత పరికరాలు చాలామంది ఆఖర్న కొంటారు, ముందే కొనండి. మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే స్టారెట్ మూలమట్టం, మందం కొలిచే మిటుటోయో క్యాలిపర్ రెండూ నాకు గర్వంగా అనిపించే వస్తువులు. మీ దగ్గర ఏ మూలమట్టం ఉన్నా ఇలా పరీక్షించుకోవచ్చు. నిటారు అంచున్న చెక్కకి మూలమట్టం ఆనించి ఒక గీత గీయండి. దాన్ని బోర్లా తిప్పి, అదే బిందువు నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకటైపోతే సరైనది. విడిపోతే, ఆ ఎడంలో సగం దాని తప్పు. రసమట్టాన్ని కూడా అలాగే అటు కొస ఇటు తిప్పి పెట్టి, బుడగ అదే చోట నిలిచిందో లేదో చూడండి. కొనే ముందు కౌంటరు మీదే చేయొచ్చు, ఒక్క నిమిషం పని.

మీరు మొదలుపెట్టబోయేది చెక్క పనో, గోడ పనో, బండి పనో కింద రాయండి. దానికి ఏ కొనలు, ఏ సైజు బిట్లు ముందు తీసుకోవాలో వివరంగా చెబుతాను.