రిపోర్టు చూసి మాత్రలు ఆపీసాను డాక్టరమ్మా

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్తే. మాది చీపురుపల్లి దగ్గర ఊరు, నాకు 27, పెళ్ళై నాలుగేళ్ళు. మా ఆయన విజయనగరంలో ఉద్యోగం, రోజూ ట్రైన్లో వెళ్ళొస్తారు. రెండేళ్ళ నుంచి నాకు నెలసరి వెనకబడుతూ వచ్చింది, కిందటేడు ఒకసారి మూడు నెలలు అసలు రాలేదు, మా అత్తగారు నెల తప్పిందనుకుని పైడితల్లమ్మకి కొబ్బరికాయ కొట్టీసి వీధిలో అందరికీ చెప్పీసారు కూడా, తీరా చూస్తే కిట్టులో ఒకటే గీత. దాన్ని లైటు కింద పెట్టి, కిటికీ దగ్గర పెట్టి ఎన్నిసార్లు చూశానో, రెండోది సన్నగా ఏమైనా ఉందేమోనని. సంక్రాంతి చలిలో కూడా అర్ధరాత్రి ఒళ్ళంతా సెగలొచ్చి వరండాలో గచ్చు మీద కూర్చునేదాన్ని. టెస్టులు చేయిస్తే అండాశయాలని పనిచెయ్యమనే హార్మోను ఎఫ్ఎస్‌హెచ్ 68, మిగిలిన అండాల లెక్క చెప్పే ఏఎంహెచ్ 0.02. అండాశయాలు పనిచెయ్యట్లేదు, పిల్లలు కావాలంటే వేరేవాళ్ళ అండమే అని రెండు నిమిషాల్లో చెప్పీసి మాత్రలు రాసీసారు. అవి వేసుకుంటే నెలనెలా బ్లీడింగ్ వచ్చింది, బాగైపోయిందనుకున్నా. ఈలోగా మా పిన్ని, అవి హార్మోన్ మాత్రలు, కేన్సర్ వచ్చీస్తాది అంటే మూడు నెలలకే ఆపీసాను. మొన్న మా ఆడపడుచు శ్రీమంతంలో నేను గాజుల పళ్ళెం పట్టుకుంటే మా అత్తగారు మెల్లిగా చేతిలోంచి తీసీసుకున్నారు. ఇంట్లో రెండో పెళ్ళి మాట కూడా వినబడుతోంది, మా ఆయన ఏమీ మాట్లాడరు. నాకింక పిల్లలు పుట్టరా?

జవాబు: పిల్లల సంగతికి తప్పకుండా వస్తాను తల్లీ, కానీ నీ ఉత్తరం చదవగానే నాకు భయం వేసింది రెండో పెళ్ళి మాట దగ్గర కాదు, మాత్రలు ఆపీసాను అన్న చోట. అవి పిల్లలు పుట్టడానికి ఇచ్చినవి కావు, నువ్వూ మీ పిన్నీ ఇద్దరూ అక్కడే పొరబడ్డారు. నీ వయసులో అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోను తయారు చెయ్యాలి, నీవి చెయ్యట్లేదు, అండాశయాలు వయసుకి ముందే మందగించడం అంటాం దీన్ని, ఆ లోటుని బయటనుంచి పూడుస్తున్నామంతే, థైరాయిడ్ తక్కువైన వాళ్ళకి థైరాయిడ్ మాత్ర ఇచ్చినట్టు. ఈస్ట్రోజన్ లేకపోతే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది, గుండెజబ్బు రావాల్సిన వయసుకంటే ముందే వచ్చే అవకాశం పెరుగుతుంది. ముట్లు మామూలుగా ఆగే వయసు దాకా, అంటే సుమారు 50 వరకూ వాడాలి. గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర మందంగా పెరిగిపోకుండా ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోను కూడా ఉండాలి, సాధారణంగా నెలకి 12 నుంచి 14 రోజులు. ఆ కోర్సు ఆపగానే వచ్చేదే నువ్వు చూసిన బ్లీడింగ్. అది అండం విడుదలై వచ్చింది కాదు. ఈ ఒక్క ముక్కా నీకు మందుచీటీ రాసినరోజే చెప్పి ఉంటే సరిపోయేది, రెండు నిమిషాల్లో ఎవరు చెప్తారులే.

కేన్సర్ మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు బయటికొచ్చి హార్మోన్లంటేనే జనం బెదిరిపోయారు. అందులో ఉన్నది 50 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళు, సగటు వయసు 63. ఒంట్లో సహజంగా తగ్గిపోయిన వయసులో అదనంగా వేసుకోవడం వేరు, 27 ఏళ్ళకి ఉండాల్సినదాన్ని నింపుకోవడం వేరు. వెంటనే మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టు. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, బాగా మైగ్రేన్, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సర్ ఉంటే ముందే చెప్పు, దాన్నిబట్టి నీకేది సరిపోతుందో చూస్తారు, మాత్ర బదులు చర్మానికి అంటించే పట్టీ లాంటివి కూడా ఇవ్వొచ్చు. ఒకసారి డెక్సా స్కాన్ కూడా చేయించుకో, ఎముకల బలం తెలుస్తుంది. ఇంట్లో చోడంబలి (రాగి అంబలి) మానకండి, 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, రోజుకి కావాల్సింది సుమారు వెయ్యి. నువ్వులుండలు, ముళ్ళతో నమిలే చిన్నచేపలు, పొద్దుటి ఎండలో నడక, ఇవన్నీ మంచివే కానీ మాత్రకి బదులు కావు.

ఎఫ్ఎస్‌హెచ్ అంటే ఏంటో కూడా చెప్తాను, 68 అన్న అంకె చూసి ఏదో విషం పెరిగిపోయిందనుకుంటారు చాలామంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయాన్ని పిలిచే పిలుపు అది. పెరట్లో ఉన్న మనిషి పలక్కపోతే వీధిగుమ్మంలోంచి ఇంకా గట్టిగా కేకేస్తాం చూడు, అలా. పలకట్లేదు కాబట్టి కేక పెద్దదైంది. రిపోర్టులో ఆ అంకె 25 దాటితే, నెలసరి కూడా నాలుగు నెలలుగా సరిగ్గా లేకపోతే ఈ అనుమానం పడతాం, ఇంకా సందేహం ఉంటే తేల్చుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్ళీ చేయిస్తాం. నీకు ఒక్కసారే చేసినట్టున్నారు, కాబట్టి రెండోసారి కావాలేమో డాక్టర్ని అడుగు, కానీ మాత్రలు వేసుకుంటూ చేయిస్తే అంకె తగ్గి మోసం చేస్తుంది, అందుకే కావాలంటే మొదలుపెట్టేముందే చేయించేసుకో. దాంతోపాటు కారణం వెతకడానికి క్రోమోజోముల పరీక్ష, ఒళ్ళు తన గ్రంథుల మీద తనే దాడి చేస్తోందేమో చూసే థైరాయిడ్, అడ్రినల్ యాంటీబాడీలు, వంశంలో వచ్చే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యులోపం పరీక్ష. చాలామందిలో కారణం దొరకదు. ఈ సమస్య 40 లోపు వచ్చేవాళ్ళు కనీసం వందకి ఒకరుంటే, 30 లోపు సుమారు వెయ్యికి ఒకరు. హాస్టల్లో తిన్న నూడుల్సో, నువ్వు మొక్కుకుని మర్చిపోయిన మొక్కో కారణం కాదు తల్లీ.

ఇప్పుడు నీ ప్రశ్న. ఈ స్థితిలో చాలామందికి అండాశయం పూర్తిగా నిద్రపోదు, మధ్యలో ఎప్పుడో ఒకసారి కళ్ళు తెరుస్తుంది. వందలో 5 నుంచి 10 మందికి మామూలుగానే గర్భం వస్తుంది. ఎవరికొస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఈ మాత్రలు గర్భం రాకుండా ఆపేవి కూడా కావు, కాబట్టి బ్లీడింగ్ రావాల్సిన టైముకి రాకపోతే కిట్టు పెట్టి చూడు. దాని మీదే ఆశ పెట్టుకుని ప్రతినెలా గీతలు లెక్కపెట్టమని మాత్రం నేను అనను.

దాత అండం గురించి నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. తొందరపడకపోతే ఛాన్స్ పోతుందని ఇంట్లోవాళ్ళు, క్లినిక్ వాళ్ళు కంగారు పెడతారు. ఆ దారిలో లెక్కకొచ్చేది దాత వయసు, నీ గర్భసంచి సవ్యంగా ఉండటం. నీది హార్మోన్లతో బాగానే ఉంటుంది. ఈ ఏడాది కాకపోతే రెండేళ్ళకి, ఏడ్చాక, ఇద్దరూ మాట్లాడుకున్నాక వెళ్ళినా దారి అలాగే ఉంటుంది. సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం చికిత్స తీసుకునే స్త్రీ వయసు 21 నుంచి 50, అండం ఇచ్చే ఆమె 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకి మించి అండాలు తియ్యకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న చోటుకే వెళ్ళు. నీ రక్తమే తీసి పీఆర్‌పీ అని అండాశయంలోకి ఎక్కిస్తే మళ్ళీ యవ్వనం వచ్చేస్తుందని ప్యాకేజీలు అమ్ముతున్నారు, అది ఇంకా ప్రయోగం దశలోనే ఉంది, బంగారం తాకట్టు పెట్టి చేయించుకోవాల్సినది కాదు. పసరు మందు సంగతి అడగనే వద్దు. దత్తత అనుకుంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్లో రిజిస్టర్ అవ్వాలి, పెళ్ళై రెండేళ్ళు దాటి ఉండాలి, నిరీక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది కాబట్టి ఆ ఆలోచన ఉంటే ముందే పేరు పెట్టుకోవచ్చు. పిల్లలు వద్దనుకున్నా అది కూడా మీ ఇద్దరి నిర్ణయమే.

నీ ఉత్తరం చివర్లో ఒక లైను రాసి పెన్నుతో గట్టిగా కొట్టీసావు, వెలుతురులో పెడితే కనబడింది, ఏమనుకోకు. దగ్గరికొచ్చినప్పుడు మంట, అందుకే నువ్వు దూరం జరుగుతున్నావు, ఆయన వేరేలా అనుకుంటున్నాడు. ఇది కూడా ఈస్ట్రోజన్ లోటే, లోపల పొడిబారిపోతుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము, లూబ్రికెంట్ జెల్లీ అడుగు, సిగ్గనిపిస్తే ఈ పేజీ చింపి చూపించు. ఆయన మౌనానికి సగం కారణం ఇదేనేమో, ఈసారి ఆయన్ని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, సెలవు పెట్టమను. ఎఫ్ఎస్‌హెచ్ గురించి నీ నోటితో కాకుండా డాక్టర్ నోటితో వినాలి.

రెండో పెళ్ళి మాట మళ్ళీ వస్తే తెలియాల్సింది ఇంతే. పిల్లలు పుట్టకపోవడం హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణం కాదు. భార్య ఉండగా విడాకుల్లేకుండా ఇంకో పెళ్ళి చేసుకుంటే అది చెల్లదు, ఏడేళ్ళ దాకా జైలు. వేధింపులుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. మనసు బాగా కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. గాజుల పళ్ళెం సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు, నీ స్థానంలో నేనుంటే రెండు మూడు శ్రీమంతాలకి తలనొప్పి అని చెప్పి ఇంట్లో పడుకునేదాన్ని, దానికి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు.

ప్రశ్న: మా పాపకి 16 నిండాయి, ఇంకా పెద్దమనిషి అవ్వలేదు. మా అమ్మ, మన వంశంలో అందరూ లేటే అంటాది. ఆగొచ్చా? (నరసన్నపేట నుంచి ఓ తల్లి)

జవాబు: ఆగకండమ్మా. 15 దాటినా కాకపోతే చూపించాల్సిందే, స్కానింగు, ఎఫ్ఎస్‌హెచ్, క్రోమోజోముల పరీక్ష. టర్నర్ సిండ్రోమ్ (ఆడపిల్లకి ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో కొంతో లేకపోవడం) లాంటివి అయితే ఎత్తు కూడా తక్కువుంటుంది, ఎంత తొందరగా తెలిస్తే హార్మోన్ అంత బాగా పనిచేస్తుంది. పాపని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి, అమ్మానాన్నలు మీ ఇద్దరి ఎత్తులతో కలిపి నాకు రాయండి.