పొలానికి బేరం పెట్టే ముందు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. అండాశయ క్యాన్సర్‌కు అమ్మకు ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు ఒలాపరిబ్ మాత్రలు రెండేళ్లు వాడాలట. నెలకు 60 వేలు అవుతుందన్నారు. నాన్న మైదుకూరు దగ్గరి పొలం అమ్మేద్దామంటున్నారు. 4 లక్షల ఎఫ్‌డీ, అమ్మ బంగారం, అమ్మానాన్నలకూ వర్తించే నా ఆఫీసు హెల్త్ పాలసీ (5 లక్షలు) ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారిని కాస్త ఆగమనండి. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాళ్లు ధర తెగ్గొట్టి అడుగుతారు. 14 లక్షల 40 వేలు అనగానే గుండె జారుతుంది, నిజమే. కానీ అది ఒక్కరోజు కట్టేది కాదు, 24 నెలల్లో కట్టేది.

అమ్మగారికి బీఆర్‌సీఏ అనే జన్యు పరీక్ష చేశారా? మీరు ఆ సంగతి రాయలేదు. క్యాన్సర్ కణం దెబ్బతిన్న తన డీఎన్‌ఏను బాగుచేసుకోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు. రిపోర్టు చూశాకే డబ్బు సంగతి. ఆ లోపం పుట్టుకతో వచ్చినదైతే మీకూ ఉండే అవకాశం సగానికి సగం. మీరూ డాక్టర్‌తో మాట్లాడండి, వాయిదా వేయకండి.

60 వేలు ఏ కంపెనీ మందుకి చెప్పారో కనుక్కోండి. జనరిక్‌లు (అదే మందును వేరే కంపెనీలు చేసేవి) వచ్చాయి, ధరల్లో చాలా తేడా ఉంటుంది.

తర్వాత పాలసీ. ‘ఆసుపత్రిలో చేరలేదు కదా, మాత్రలకు రాదు’ అని ఫోన్‌లో చెబితే అక్కడితో వదిలేయకండి. నోటితో వేసుకునే కీమోథెరపీని పాలసీ నుంచి పూర్తిగా మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఎంత ఇవ్వాలో బీమా కంపెనీ పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. ఈ మందు దాని కిందికి వస్తుందా, పరిమితి ఎంత అని హెచ్‌ఆర్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రనూ కలవండి.

మిగిలినదానికి ముందు ఎఫ్‌డీ వాడండి. అది అయిపోతే బంగారం మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. నెలనెలా ఎంత తీస్తే అంతకే వడ్డీ. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే ఇలాంటి జబ్బుల చికిత్స ఖర్చుకు (1961 చట్టంలో 80డీడీబీ సెక్షన్) 40 వేల వరకు, అమ్మకు 60 ఏళ్లు నిండితే లక్ష వరకు మినహాయింపు. పాలసీ నుంచి వచ్చినంత అందులో తగ్గిస్తారు.

చివరగా, మూడు నెలల మందు ఒకేసారి కొంటే డిస్కౌంట్ అంటారు. ఒప్పుకోకండి. మామూలుగా 150 మి.గ్రా. మాత్రలు ఉదయం రెండు, రాత్రి రెండు. రక్తం తగ్గితే డాక్టర్ కొన్నాళ్లు మందు ఆపుతారు, లేదా డోసు తగ్గిస్తారు. అప్పుడు 100 మి.గ్రా.వి కావాలి. డబ్బు పోసి కొన్న డబ్బాలు బీరువాలోనే ఉండిపోతాయి.