పొట్టిగా ఉన్న పెళ్లికూతురికి పెద్ద అంచు పట్టుచీర నప్పుతుందా?

అంచు రంగు చీర రంగులో కలిసిపోయేలా ఉంటే నప్పుతుంది; బాగా వేరే రంగులో ఉంటే మనిషి ఇంకా పొట్టిగా కనిపిస్తుంది.

ఎందుకంటే మన కన్ను ఎత్తును ఒకే రంగు ఎంత దూరం సాగిందన్న దాన్నిబట్టి అంచనా వేస్తుంది. మధ్యలో అడ్డంగా గీత వస్తే చూపు అక్కడే ఆగిపోతుంది. అయిదడుగుల అమ్మాయికి నడుం నుంచి పాదాల దాకా దాదాపు 36 అంగుళాలు ఉంటాయనుకుందాం. పసుపు చీరకు 10 అంగుళాల ఎర్రంచు ఉంటే అందులో పావువంతు పైనే అంచుకు పోయింది, పసుపు మిగిలింది 26 అంగుళాలే. అదే అంచు 3 అంగుళాలైతే 33 మిగులుతుంది. పెద్ద అంచే ఇష్టమైతే ముదురు ఎరుపు చీరకు అదే ఎరుపులో జరీ అంచు తీసుకోండి, గీత అంతగా తెలియదు.

బట్ట బరువు కూడా చూడాలి. మందపాటి కంచిపట్టులో కుచ్చిళ్లు నడుం దగ్గర ఉబ్బుగా నిలబడతాయి. ఉప్పాడ లాంటి తేలికపాటి పట్టు ఉబ్బకుండా ఒంటికి అంటుకుని కిందికి జాలువారుతుంది.

హీల్స్ వేసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ముహూర్తం వేళ పెళ్లికూతురు చెప్పుల్లేకుండా పీటల మీద కూర్చునే ఉంటుంది. అప్పుడు అందరికీ కనిపించేది భుజం మీద పైట, జాకెట్టే. అందుకే షాపులో చీరను భుజాన వేసుకుని, కూర్చుని కూడా అద్దంలో చూసుకోండి.