వరద కథ రాసిన అమ్మాయికి

అమలాపురం,
ఆదివారం రాత్రి

అమ్మాయ్,

నువ్వు పంపిన 22 పేజీలూ రెండుసార్లు చదివాను. వరదలో చిక్కుకున్న లంక, కనబడకుండా పోయిన సరంగు, గుడి నగల పెట్టె. మన ఏటిగట్టు మీద, మన మనుషులతో, ఆడేవాళ్లే తలో పాత్ర అయి మాటలతో కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్ రాయాలని నీకు తట్టినందుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మేం ఏళ్ల తరబడి కోటలూ డ్రాగన్లే ఆడాం.

అయితే చివరి నాలుగు పేజీలు తీసెయ్. సరంగు రేవులో కూర్చుని తప్పంతా ఒప్పుకుంటాడని రాశావు. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. కానీ ఆడేవాళ్లు అసలు రేవుకే వెళ్లకపోతే? పెట్టె పోతే పోయింది, ముందు ముసలివాళ్లను పడవెక్కిద్దాం అనుకుంటే? అప్పుడు నీ ముగింపు కోసం వాళ్లను రేవుకు ఈడ్చుకుపోవాలి. ఒక్కసారి ఈడ్చావంటే తాము ఏం చేసినా ఒకటేనని వాళ్లకు తెలిసిపోతుంది. ఇక ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. కథలు రాసేవాళ్లకు ముగింపు మీద ఎంత మమకారమో నాకు తెలుసు. ఈ ఆటలో మాత్రం ముగింపు వాళ్లకు వదిలెయ్యాలి.

ఆ నాలుగు పేజీల బదులు రెండు సంగతులు రాయి: ఎవరికి ఏం కావాలి, ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది. రెండోదానికి మన దగ్గరే మంచి కొలత ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఒక్కో హెచ్చరికకు ఒక్కో పేజీ పెట్టు. మొదటిదానికి కాజ్‌వే మునిగింది, పశువులను గట్టు మీదికి తోలుతున్నారు. రెండోదానికి పడవలు ఆపేశారు. మూడోదానికి గుడి మెట్లు కనబడవు. ఆడేవాళ్లు ఒకచోట తాత్సారం చేస్తే నీళ్లు పెరుగుతాయి. టెన్షన్ దానంతటదే వస్తుంది, నువ్వు వర్ణించక్కర్లేదు.

ఏడో పేజీలో ఇంకో చిక్కుంది. తెగిన పడవ తాడు కంటబడాలంటే ఇరవై ముఖాల డైస్ మీద 15 గానీ ఆపైన గానీ పడాలన్నావు. అంటే 30 శాతం. పదిసార్లు వేస్తే ఏడుసార్లు తాడు దొరకదు, కథ అక్కడే నిలిచిపోతుంది. ఆ తాడు లేకుండా కథ నడవనప్పుడు, వెతికినవాళ్లకు ఇచ్చెయ్. చీకట్లో పాయ దాటేటప్పుడు డైస్ వేయించు. అక్కడ ఎంత పడినా ఏదో ఒకటి జరుగుతుంది.

ఆట ఆన్‌లైన్‌లో ఎలా నడపాలని అడిగావు. దానికి ఫౌండ్రీ, రోల్20 అనే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఫౌండ్రీకి ఒక్కసారి డబ్బు కడితే చాలు, చాలా బాగుంటుంది కూడా. కానీ సర్వర్ అద్దెకు తీసుకుంటే తప్ప అది నీ కంప్యూటర్ నుంచే నడుస్తుంది. వానాకాలం మీ ఇంట్లో కరెంటు పోయిందా, హైదరాబాద్‌లో ఉన్న నీ స్నేహితులకూ ఆట పోతుంది. రోల్20 బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఉచిత అకౌంట్ సరిపోతుంది. నన్నడిగితే మొదటి ఆటకు అదీ వద్దు. డిస్కార్డ్‌లో మాట్లాడుకోండి, లంక మ్యాప్ చేత్తో గీసి ఫొటో పెట్టు. మ్యాప్ మీద పాత్రలకు గుర్తుగా టోకెన్లు పెట్టామంటే అందరూ గళ్లు లెక్కపెట్టడంలో పడతారు, నీ ఏటి హోరు ఎవరికీ వినబడదు. ఎవరి డైస్ వాళ్లింట్లో వేసుకుని ఎంత పడిందో చెబితే నమ్ము. కెమెరాకు చూపించమని అడగడం స్నేహితులను అవమానించడమే. ఆన్‌లైన్‌లో మాట మీద మాట పడి నెమ్మదస్తులు వెనక్కి తగ్గుతారు. వాళ్లను పాత్ర పేరుతో పిలిచి "నువ్వేం చేస్తున్నావ్?" అని అడుగు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక ఆటలో తుపాను నడిపించాను. కొబ్బరిచెట్లు విరగడం, పైకప్పు లేచిపోవడం పది నిమిషాలు వర్ణించాను. ఒకతను మంచినీళ్లకని లేచి, మళ్లీ రాలేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానులో గోడ కూలి వాళ్ల నాయనమ్మ పోయిందని తర్వాత తెలిసింది. నేను ముందు అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ఆటకు ముందు ఒక అరగంట అందరితో కూర్చో. కథలో ఏముంటుందో చెప్పు, ఏం వద్దో అడుగు. దీన్నే సెషన్ జీరో అంటారు. జాన్ స్టావ్రోపోలస్ రూపొందించిన ఎక్స్ కార్డు, అంటే X అని రాసిన కార్డు కూడా వాడు. ఎవరైనా ఆ కార్డు ముట్టుకుంటే ఆ సన్నివేశం వదిలేసి ముందుకెళ్లాలి, ఎందుకని అడగకూడదు. ఆన్‌లైన్‌లో చాట్‌లో ఆ అక్షరం టైప్ చేస్తే చాలు. నీ స్నేహితుల్లో సగం మంది మనవైపు వాళ్లే. 1986 వరద గురించి ఇంట్లో విన్నవాళ్లుంటారు, నీళ్లలో ఎవరినో పోగొట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు. పిల్లలు మునిగే సన్నివేశం వద్దంటే తీసెయ్, కథకు ఏ లోటూ రాదు.

రెండో హెచ్చరిక పేజీ ముందు రాసి పంపు. సరంగు భార్య ఏం కోరుకుంటోందో నీ 22 పేజీల్లో ఎక్కడా లేదు. నాకు అది తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు