లావుకీ గుండె వాల్వుకీ సంబంధమేంటి అంటే, మా మావయ్య త్రేన్పు సంగతి చెప్పాలి

కొవ్వులోంచి వచ్చే హార్మోన్ల వల్ల గుండె వాల్వులు పాడవుతాయంటున్నారు, నిజమేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి, రాజోలు పక్కన కొబ్బరికాయల యాపారం నాది. కాకపోతే రెండేళ్ళబట్టి మా మేనమామ ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆ మాత్రం చెప్పగలను.

మావయ్యకి 68, అప్పట్లో 98 కిలోలు. నరసాపురంలో పెళ్ళి భోజనం చేసి పంటు మీద వశిష్ట గోదావరి దాటి సఖినేటిపల్లి రేవుకొచ్చాం. పంటు ఆనగానే బళ్ళన్నీ రయ్యిమని ఎక్కిపోయాయి, నడిచేవాళ్ళం వెనకాల పడ్డాం. ఆ రేవు ఎత్తేమంత పెద్దది కాదు, సగం ఎక్కేడో లేదో మావయ్య నా భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఆగు" అన్నాడు. అంతే, పట్టుపంచె ఇసకలో ఈడ్చుకుంటా కింద కూలబడిపోయాడు, మొహం పాలిపోయింది, మెడంతా చెమట, పిలుస్తుంటే ఓ నాలుగు క్షణాలు పలకలేదు. ఆటోల వాళ్ళు పరిగెత్తుకొచ్చి "గ్యాసండి బాబూ, నిమ్మకాయ సోడా పట్టించండి" అన్నారు. పట్టించాం. రేవంతా వినపడేలా త్రేన్చేడు. అందరూ నవ్వేశారు, "చూసేరా, గ్యాసే" అని. మేమూ నవ్వేం.

ఆ త్రేన్పు వల్ల నాలుగు నెలలు పోయాయండి.

మన జిల్లాల్లో గొంతు నుంచి బొడ్డు దాకా ఏమొచ్చినా గ్యాసే, మందుల షాపు కుర్రాడి దగ్గర్నుంచి అత్తగారి దాకా అందరూ అదే డాక్టర్లు. మళ్ళీ చెరువు గట్టు మీద నడుస్తా కళ్ళు తిరిగి పడితే గానీ మేం రాజమండ్రి బయల్దేరలేదు. అక్కడ డాక్టరుగారు స్టెత్ పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెడ మీద పెట్టి విన్నారు, పక్కనున్న జూనియర్‌ని పిలిచి నువ్వూ విను అన్నారు. అప్పుడే నాకు కాళ్ళల్లో వణుకు మొదలైంది. ఎకో (గుండె స్కాను) తీస్తే బృహద్ధమని దగ్గరుండే అయోర్టిక్ వాల్వు దారి 0.8 చదరపు సెంటీమీటర్లు. మామూలుగా 3 నుంచి 4 ఉండాలంట, 1 కంటే తగ్గితే తీవ్రం కిందే లెక్క. చిన్నప్పుడు కీళ్ళ వాపుతో జ్వరం వచ్చిందా అని అడిగారు, దానివల్ల కూడా వాల్వు పాడవుతుందంట, అలాంటిదేం లేదు. వాల్వుకి తలుపుల్లా ఉండే రెక్కల మీద కాల్షియం గడ్డకట్టేసింది. లేత కొబ్బరిలా ఉండాల్సిన రెక్కలు చిప్పలైపోయాయన్నమాట.

కాలవ తూము షట్టరు తుప్పుపట్టి సగమే లేస్తే ఎలా ఉంటుందో అలాగండి అన్నారాయన. మావయ్య వెంటనే "మరి గ్రీజు పెట్టండి" అన్నాడు. "దీనికి గ్రీజు లేదండి, తలుపు మార్చడమే." నిజంగానే ఇప్పటిదాకా మందు లేదు. కొలెస్ట్రాల్ మాత్రలకి కరుగుతుందేమోనని చూశారు, 2008లో ఫలితాలొచ్చిన సీస్ అనే పెద్ద ట్రయల్లో ఆ మాత్రలు వాల్వు బిగుసుకోవడాన్ని ఆపలేకపోయాయి. (మా కాలవ తూము షట్టరు సంగతీ అంతే, ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతున్నాం, అది వేరే ఏడుపు.)

ఇప్పుడు మీ ప్రశ్న. పొట్ట కొవ్వంటే మనం ఏమనుకుంటాం, గాదెలో ధాన్యంలా ఊరికే పడుంటుందని. కాదండి, అదో గ్రంథి, రాత్రీ పగలూ రక్తంలోకి సరుకు వదుల్తానే ఉంటుంది. 1994లో ఫ్రీడ్‌మన్ అనే ఆయన బృందం ఎలుకల్లో లెప్టిన్ అనే కొవ్వు హార్మోను జన్యువుని కనిపెట్టింది. ఆ లెప్టిన్ పని మెదడుకి "ఇంక చాలు" అని చెప్పడం. ఒంట్లో కొవ్వు పెరిగితే అదీ పెరుగుతుంది, కానీ జగ్గన్నతోట తీర్థంలో మైకులాగా, పొద్దుటి నుంచీ మోగుతుంటే ఎవడు వింటాడు, మెదడూ వినడం మానేస్తుంది. మెదడు వినకపోయినా వాల్వు వింటుంది, అదీ గొడవ! వాల్వు కణాల మీద లెప్టిన్ అంటుకునే చోట్లున్నాయి. మనుషుల వాల్వు కణాలకి ల్యాబులో లెప్టిన్ పట్టిస్తే అవి ఎముక కట్టే కణాల్లాగా మారాయి. వాపుని చల్లార్చే ఇంకో హార్మోను, అడిపోనెక్టిన్, అదేమో లావెక్కేకొద్దీ తగ్గుతుంది. మంచిది తగ్గి మొండిది పెరగడం మన ఊళ్ళల్లో కొత్తా?

మనుషుల్లో ఇదే కారణం అని పెద్దలు ఇంకా తీర్పు రాయలేదు. వయసు, బీపీ, సిగరెట్టు, పుట్టుకతో వచ్చే లైపోప్రోటీన్-ఏ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), ఇవన్నీ ఉన్నాయి. మావయ్యకి బీపీ కూడా ఉంది. అయినా నా లెక్కలో ఒకటో ముద్దాయి పొట్టే. మా పెద్దనాన్న సన్నగానే ఉండేవాడు, ఆయనకీ వచ్చిందిగా అని ఎవరైనా అంటారు, పుట్టుకతో మూడు రెక్కల బదులు రెండే ఉన్నవాళ్ళకి సన్నగా ఉన్నా వస్తుంది, అది వేరు.

మావయ్యకి తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వు ఎక్కించారు, నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు. తర్వాత 14 కిలోలు తగ్గేడు. తగ్గితే మనవాళ్ళు ఊరుకుంటారా, కనపడ్డవాడల్లా "ఏంటండీ అలా చిక్కిపోయారు, ఒంట్లో బాలేదా" అని జాలి పడి పూతరేకుల ప్యాకెట్టు చేతిలో పెడతాడు. 98 కిలోలున్నప్పుడు ఒక్కడూ అడగలేదండి, అప్పుడు "నిండుగా ఉన్నారు"!

ఇంకోటి, ఆ కొత్త వాల్వు రెక్కలు ఆవు గుండె పైపొరతో చేసినవి. మావయ్యకి చెప్పాం, తలూపి ఊరుకున్నాడు. అత్తయ్యకి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివేవాళ్ళలో మా ఊరోళ్ళుంటే మీరూ చెప్పకండి.