కొడుకు దగ్గర ఫీజు తీసుకోవచ్చా?

సైన్యానికి సరుకులు చేర్చే ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసి 54 ఏళ్లకు కల్నల్‌గా రిటైరయ్యాను. సైనిక్‌పురిలో ఉంటున్నాం. ఇప్పుడు మేడ్చల్ వైపు గోడౌన్లకు లాజిస్టిక్స్ కన్సల్టెంటుగా చేస్తున్నాను. మా అబ్బాయి, వాడి బావమరిది కలిసి మందుల డిస్ట్రిబ్యూషన్ నడుపుతున్నారు. వాళ్ల గోడౌన్ చూసి, గడువు దాటిన పెట్టెలు అమ్మే సరుకు పక్కనే ఉన్నాయని, మూడు నెలల నిల్వ ఉంచుకోవాలని, ఇలా లోపాలన్నీ రాసి రిపోర్టు ఇద్దరికీ మెయిల్ చేశాను. అప్పట్నుంచి మావాడు ముభావంగా ఉంటున్నాడు. వాడి పదో తరగతప్పుడు నేను లేహ్‌లో ఉన్నాను, చదువంతా వాళ్లమ్మే చూసుకుంది. ఊరికే చెప్తే సలహాకు విలువుండదని స్నేహితులంటున్నారు. కొడుకు దగ్గర ఫీజు తీసుకోవడం తప్పా?
– ఒక తండ్రి, సికింద్రాబాద్

కల్నల్ గారూ, ఫీజు తీసుకోండి, మానండి, మీ ఇష్టం. దానికి నా సలహా ఎందుకు?

మీరు అంత తేలిగ్గా రాసేసిన 'ఇద్దరికీ' దగ్గరే నేను ఆగిపోయాను. ఆ రెండోవాడు మీ కోడలి తమ్ముడు. 'గడువు దాటిన పెట్టెలు అమ్మే సరుకు పక్కనే ఉన్నాయి' అని మీరు రాసింది సాయంత్రానికల్లా మీ వియ్యంకుడి ఇంట్లో అందరి నోళ్లలోనూ నానే ఉంటుంది. మీరూ ఒక ఇంటి అల్లుడే కదా, మీ నాన్నగారు మీ తప్పుల చిట్టా మీ బావమరిది చేతికిస్తే ఎలా ఉండేది?

రిపోర్టు తప్పని నేననను. మందుల దగ్గర ముందొచ్చింది ముందు పంపితే చాలదు, గడువు ముందు ముగిసేది ముందు పోవాలి. గడువు దాటిన సరుకును వేరుగా పెట్టాల్సిందే. అయితే మూడు నెలల నిల్వ ఉంచుకోమన్నారే, అక్కడ మాత్రం మీలోని మిలిటరీ మాట్లాడింది. దారిలోని జోజీలా కనుమ మంచుతో మూసుకుపోతుంది కాబట్టి లద్దాఖ్‌లో చలికాలానికి కావాల్సిన రేషను, కిరోసిన్ ముందే చేర్చి పెడతారు. అక్కడ తక్కువ పడితే ప్రాణాల మీదికొస్తుంది. మీవాడికి కంపెనీ డిపో నుంచి ఫోన్ చేస్తే సరుకొస్తుంది. ఎక్కువ కొని పెట్టుకుంటే ఓవర్‌డ్రాఫ్టు మీద వడ్డీ, పైగా గడువు భయం. ఈ మాట వాడే మీకు చెప్పేవాడు, మీరు సందిచ్చి ఉంటే.

ఫీల్డ్ పోస్టింగులకు పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లలేరు. అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఇన్నేళ్లకు నాన్న ఇంటిపట్టున ఉంటాడనుకుంటే, ఫైలు పట్టుకుని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాడు. వాడి ముభావానికి ఇంతకంటే కారణం కావాలా?

పిల్లల వ్యాపారంలో పెద్దలు తలదూర్చకూడదంటారు కొందరు. నేనొప్పుకోను. అనుభవం ఉన్నవాడు చూస్తూ ఊరుకోవడం కూడా తప్పే. కాకపోతే మందలించేది నాలుగు గోడల మధ్య, మెచ్చుకునేది నలుగురి ముందు. జవాన్ల విషయంలో మీరు పాటించే ఉంటారు, కొడుక్కి మాత్రం ఎందుకు తిరగేశారు?

ఈ వారమే వాడి గోడౌన్‌కి ఒక్కరే వెళ్లండి. మీ ఆవిడను రాయబారం పంపకండి, మీ ఇద్దరి మధ్య ఆ పని ఆవిడ ఇప్పటికే చాలా చేసి ఉంటుంది. 'అది నీకొక్కడికే ఇవ్వాల్సిందిరా' అనండి. కారణాలు చెప్పొద్దు. తర్వాత నిల్వ లెక్క వాడు ఎలా వేసుకుంటాడో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. బావమరిదితో మాట్లాడాలో వద్దో కూడా వాడినే తేల్చనివ్వండి.

ఇక ఫీజంటారా, మేడ్చల్ వాళ్ల దగ్గర మొహమాటం లేకుండా అడగండి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.